కొబ్బరితోటల మధ్య హౌస్ మ్యూజిక్: గోదావరి డెల్టాలో డీజేగా, ప్రొడ్యూసర్‌గా బతకడం ఎలా

మా కోనసీమలో డీజే అంటే మనిషి కాదు, బండి. "ఊరేగింపుకి డీజే పెట్టించారా?" అంటే టాటా ఏస్ మీద నిలువునా పేర్చిన బాక్సులు, వెనకాల జనరేటరు, గిరగిరా తిరిగే లైట్లు పెట్టించారా అని అర్థం. ఆ బండి మూల లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కుర్రాడి పేరు ఎవరూ అడగరు. పన్నెండేళ్ళ కిందట రాజోలు చుట్టుపక్కల ఊళ్ళలో ఆ కుర్రాణ్ణి నేనే. ఇప్పుడు ప్రొడ్యూసర్‌గా, అంటే సొంతంగా ట్రాకులు కట్టేవాడిగా, నా ట్రాకులు నా పేరు మీద బయటికొస్తున్నాయి, నెలకి ఒకటో రెండో క్లబ్బుల్లో వాయిస్తున్నాను, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళు చేస్తున్నాను. పెళ్ళిళ్ళు మానేశానని చెబితే గొప్పగా ఉంటుంది గానీ అబద్ధమవుతుంది.

ఈ దారిలోకి రావాలనుకునే కుర్రాళ్ళు ఫోన్ చేసి ముందడిగేది పాటలు కలిపే పెట్టె గురించి, "అన్నా, ఏ కంట్రోలర్ కొనమంటావు?" అని. నేను తిరిగి అడిగేది "మీ ఊరి తీర్థంలో డప్పు ఏ నడకలో మోగుతుందో చేత్తో తొడ మీద వేసి చూపించగలవా?" అని. చాలామంది నవ్వేస్తారు. హౌస్ అంటే డ్రమ్ మెషీన్ దరువు మీద నడిచే డాన్సు సంగీతం. ఆ బీటు ప్రపంచమంతా ఒకటే. బెర్లిన్ కుర్రాడు కొన్న శాంపిల్ ప్యాకే, అంటే ముందే రికార్డు చేసిన శబ్దాల మూటే, మీరూ కొంటారు. వాడి దగ్గర లేనిదీ మీ వీధిలో ఉన్నదీ ఆ నడక ఒక్కటే. కాబట్టి కొనుగోళ్ళు తర్వాత.

ఇది ఎక్కణ్ణించి వచ్చింది

షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బు ఉండేది. 1977 నుంచి అక్కడ ఫ్రాంకీ నకల్స్ రికార్డులు వేసేవాడు. ఆ వేర్‌హౌస్ పేరులోంచే హౌస్ అన్న మాట వచ్చిందంటారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. బయట డిస్కో అంటే మంట. 1979లో అదే షికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల గుట్టని పేల్చేశారు. బయట కాల్చేస్తున్న ఆ పాటల్నే లోపల సాగదీసి, కింద డ్రమ్ మెషీన్ దరువు పేర్చి, తెల్లవార్లూ ఆడారు.

ఆ మెషీన్ల కథ మనకి బాగా పనికొస్తుంది. రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808, 1983లో టీఆర్-909 తెచ్చింది. బేస్ గిటార్ వాయించే మనిషి లేని లోటు తీర్చాలని టీబీ-303 అనే చిన్న పెట్టె కూడా చేసింది. అవేవీ అసలు వాయిద్యాల్లా మోగలేదు, అమ్మకాలు సాగలేదు, సెకండ్‌హ్యాండ్ కొట్లలో చవగ్గా పడున్నాయి. జేబులో డబ్బుల్లేని కుర్రాళ్ళు అవే కొన్నారు. మన దేశంలో 1982లోనే చరణ్‌జిత్ సింగ్ అనే ముంబయి సినిమా వాద్యకారుడు 808, 303 పక్కపక్కన పెట్టి పది రాగాలు వాయించి రికార్డు చేశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలైతే ప్రపంచమంతా ముక్కు మీద వేలేసుకుంది. రాగానికీ ఈ యంత్రాలకీ పొత్తు కుదరదనే వాళ్ళకి ఆ రికార్డొకటి చాలు.

మొదటి నెల: చెవి, లెక్క

ఏమీ కొనకండి. రోజుకి ఒక హౌస్ ట్రాకు తీసుకుని, కాయితం మీద ఏ నిమిషంలో ఏ శబ్దం లోపలికి వచ్చిందో, ఏది బయటికి పోయిందో రాయండి. ముప్ఫై కాయితాలు అయ్యేసరికి చాలా ట్రాకులకి ఒకే అస్థిపంజరం కనిపిస్తుంది. నాలుగు దరువులు ఒక బారు. మార్పులు ఎనిమిది, పదహారు, ముప్ఫైరెండు బార్ల దగ్గరే జరుగుతాయి.

రామకోవెల్లో భజనకి కూర్చున్నవాళ్ళకి ఇది తేలిక. ఆది తాళం ఒక ఆవర్తనం ఎనిమిది అక్షరాలు, అంటే హౌస్‌లో సరిగ్గా రెండు బార్లు. పదహారు బార్లంటే ఎనిమిది ఆవర్తనాలు. వేళ్ళ మీద లెక్క పెడుతూ వినండి. హౌస్ వేగం సాధారణంగా నిమిషానికి 120 నుంచి 128 దరువులు. 124 దగ్గర ఒక బారు రెండు సెకన్లకి రవ్వంత తక్కువ, ముప్ఫైరెండు బార్లు దాదాపు 62 సెకన్లు. ఈ నిమిషం లెక్క ఒంట్లోకి ఇంకాలి. స్టేజి మీద స్క్రీన్ చూడకుండానే "ఇప్పుడు మారుతుంది" అని ఒళ్ళు చెప్పాలి.

సామాను, కరెంటు, ఉప్పుగాలి

లాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే చాలు, సెకండ్‌హ్యాండ్ అయినా పరవాలేదు. మంచి హెడ్‌ఫోన్ ఒకటి, మైకునీ హెడ్‌ఫోన్‌నీ లాప్‌టాప్‌కి కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, సాఫ్ట్‌వేర్‌లో స్వరాలు వాయించడానికి పాతిక మీటల మిడి కీబోర్డు. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే: ఏబుల్‌టన్ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో, రీపర్. ఏది పట్టుకున్నా ఏడాది దాకా వదలకండి. ఎఫ్ఎల్ ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్ళీ తెరుచుకోదు, అది తెలీక నెల రోజుల పని పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. డబ్బులు కష్టమైతే రీపర్ చవక. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ గురించి నీతులు చెప్పను గానీ, సరిగ్గా ప్రోగ్రాం రోజునే లాప్‌టాప్ వైరస్‌తో పడుకుంటే పెళ్ళివారికి ఏం చెబుతారో ఆలోచించుకోండి.

స్పీకర్లు అప్పుడే వద్దు. సిమెంటు గోడల చిన్న గదిలో ఎంత ఖరీదైన స్పీకరైనా బేస్ విషయంలో అబద్ధమే చెబుతుంది. నా మొదటి గదిలో మూలలకి ధాన్యం బస్తాలు నిలబెట్టాను. ఫలితం బాగానే ఉండేది, ఎలకలు రాకపోతే ఇంకా బాగుండేది. తర్వాత కొబ్బరి పీచు పరుపుల్ని చెక్క ఫ్రేములకి బిగించాను. పీచు మధ్య స్వరాల్నీ పై స్వరాల్నీ చక్కగా పీలుస్తుంది, బేస్‌కి మాత్రం చాలా మందం కావాలి. కొబ్బరి పీచు దొరికే చోట ఉండి ఆన్‌లైన్‌లో ఫోము కొనడమేంటండీ!

కరెంటు సంగతి ఏ విదేశీ వీడియోలోనూ చెప్పరు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే వైర్లలోకి 50 హెర్ట్జ్ హమ్ వచ్చేస్తుంది. అది దాదాపు కింది జీ స్వరం. మీ బేస్ జీలో ఉంటే హమ్ దాని వెనకాల దాక్కుంటుంది, ఎఫ్‌లో ఉంటే పక్కనే అపస్వరంగా మూలుగుతుంది. ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేయించి నీళ్ళు పోయిస్తూ ఉండండి, సామానంతా ఒకే ప్లగ్ పాయింటు నుంచి తీసుకోండి, యూపీఎస్ పెట్టుకోండి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలికి మిక్సర్ ఫేడర్లు కరకరలాడతాయి. పని అవగానే గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టెయ్యాలి.

మొదటి పది ట్రాకులు

ప్రతి దరువుకీ కిక్, అంటే బేస్ డ్రమ్ దెబ్బ. రెండో, నాలుగో దరువు మీద క్లాప్. దరువుకీ దరువుకీ సరిగ్గా మధ్యలో తెరిచిన హై-హ్యాట్, అంటే జంట సింబల్స్ చప్పుడు. ఇంతే, హౌస్ తయారు. మిగతాదంతా దీని మీద అలంకారం. బేస్ నోటు కిక్ మీద పడకుండా ఖాళీల్లో పడేలా రాయండి. పడక తప్పకపోతే సైడ్‌చెయిన్ కంప్రెషన్ పెట్టండి. కిక్ మోగినప్పుడల్లా బేస్ ఒక్క క్షణం తలొంచి మళ్ళీ లేస్తుంది. హౌస్‌కి ఉండే ఆ ఊపిరి సగం దానివల్లే.

ఎక్కువమంది ఆగిపోయేది మళ్ళీ మళ్ళీ తిరిగే ఎనిమిది బార్ల లూపు దగ్గర. రాత్రి రెండింటికి ఆ లూపు అద్భుతంగా ఉంటుంది, పొద్దున్నే వింటే ఏమీ ఉండదు, ఇంకో లూపు మొదలెడతారు. నేనూ ఏడాదిన్నర అలాగే గడిపాను. బయటపడేసింది ఒక మొరటు నియమం: బాగున్నా బాగోకపోయినా ప్రతి లూపునీ ఆరు నిమిషాల ట్రాకు చేసి తీరాలి. ముందు ముప్ఫైరెండు బార్లు ఉత్త డ్రమ్సు, చివర మరో ముప్ఫైరెండు. అది వేరే డీజే మిక్స్ చేసుకోవడానికి వదిలే జాగా. మధ్యలో ఒక చోట కిక్ తీసేసి, జనాన్ని కాసేపు గాల్లో వేలాడదీసి, మళ్ళీ దించాలి. మొదటి పది ట్రాకులు చెత్తగా ఉంటాయి. వాటిని ఎవరికీ పంపకండి, పారేయకండి కూడా.

మిక్సింగ్‌లో రెండే జాగ్రత్తలు చెబుతాను. మాస్టర్ మీటరు సున్నాకి ఆరు డెసిబెల్స్ కింద ఉండేలా పని చేయండి. 100 హెర్ట్జ్‌కి దిగువనున్నదంతా మోనోలో, అంటే రెండు పక్కలా ఒకేలా ఉంచండి. ఊరి బాక్సులు కుడీ ఎడమా వేరుగా కట్టరు, స్టీరియో బేస్ అక్కడ మాయమైపోతుంది.

మన దరువుని హౌస్‌లోకి తేవడం

ఇక్కడ తొందరపడకండి, నా సంపాదనంతా ఇక్కడిదే.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళండి. ప్రభల్ని భుజాన మోసుకొచ్చేవాళ్ళ ముందు నడిచే వాయిద్యాల మీద చెవి పెట్టండి. గరగల దగ్గరా డప్పుల దగ్గరా ఎక్కువసార్లు వినిపించేది తిశ్ర నడక: తకిట తకిట, ఒక్కో అడుగులో మూడు. హౌస్‌ది చతురశ్రం: తకధిమి తకధిమి, ఒక్కో దరువులో నాలుగు. ఈ రెంటినీ తెలీకుండా కలిపితే రెండు ఎడ్లు చెరో పక్కకి లాగిన బండే. చాలామంది డప్పు రికార్డింగుని లాక్కొచ్చి సాఫ్ట్‌వేర్‌లో పదహారో వంతు గడులకి క్వాంటైజ్ కొట్టేస్తారు, అంటే ప్రతి దెబ్బనీ దగ్గరి గడిలోకి జరిపేస్తారు. అప్పుడది డప్పు కాదు, రేకు డబ్బా.

నేను చేసేది ఇది. కిక్‌ని నాలుగు దరువుల్లో నిలువునా నిలబెడతాను, దాన్ని కదపను. డప్పుకి ఒక్కో కిక్ మధ్య మూడు గడులిస్తాను. సాఫ్ట్‌వేర్ గ్రిడ్‌లో ట్రిప్లెట్ ఎంచుకుంటే ఆ గడులు కనిపిస్తాయి. ఇప్పుడు అసలు చిక్కు హై-హ్యాట్‌తో వస్తుంది. అది నాలుగు గడుల్లో ఉంటే డప్పుతో కొట్టుకుంటుంది, మూడు గడుల్లోకి తెస్తే హౌస్ లక్షణం పోతుంది. ఇక్కడ ప్రతి జంటలో రెండో దెబ్బని కొంచెం ఆలస్యం చేసే స్వింగ్ అనే మీట ఆదుకుంటుంది. 50 శాతం దగ్గర స్వింగ్ అంటే సూటి చతురశ్రం, 66 దగ్గర అది దాదాపు తిశ్రమే. ఈ రెంటికీ మధ్య, 57 నుంచి 61 లోపల ఎక్కడో, హై-హ్యాట్ అటూ కాదు ఇటూ కాదు అన్నట్టు నడుస్తుంది. డప్పుకీ కిక్‌కీ అదే మధ్యవర్తి. అంకె చూసి పెట్టకండి, కళ్ళు మూసుకుని తిప్పుతూ భుజం కదిలిన చోట ఆపండి.

రూపక తాళంలో మూడేసి దరువుల పాట ఉంటే ఇంకో సరదా. నాలుగు దరువుల హౌస్ మీద దాన్ని అలాగే వదిలేయండి. పన్నెండు దరువులకోసారి, అంటే మూడు బార్లకోసారి, రెండూ ఒకేచోట కలుస్తాయి. ఆ కలిసే చోట ఒక్క గంట మోగించండి చాలు, మిగతా గందరగోళమంతా కావాలని చేసినట్టే వినిపిస్తుంది.

డప్పు రికార్డింగు గురించి. డప్పుని మంట దగ్గర కాచి శ్రుతి ఎక్కిస్తారు, చల్లారేకొద్దీ అది దిగుతుంది. పుష్యమాసం మంచులో ఇంకా త్వరగా దిగుతుంది. అందుకని పక్కనే మంట ఉంచి, ఐదారు నిమిషాలకోసారి ఆపి కాయించండి. లేకపోతే మొదటి టేకుకీ చివరి టేకుకీ పొంతన ఉండదు. మైకు ఒక మీటరు దూరంలో, ఆరుబయట, వెనకాల గోడ లేకుండా. ముందు విడివిడి దెబ్బలు తీసుకోండి, తర్వాత వేగం చెప్పే క్లిక్ చప్పుడు వినిపించకుండా మూడు నిమిషాలు ఆయన ఇష్టానికి వదిలేయండి. ఆ మూడు నిమిషాలే బంగారం. వేగం అటూ ఇటూ అయితే డప్పుని కోయకండి, ప్రాజెక్టు టెంపోనే డప్పుకి తగ్గట్టు మార్చండి. వాయించిన మనిషికి డబ్బు అక్కడికక్కడే ఇవ్వండి, ట్రాకు మీద పేరు వేయండి, ఏ పనికి వాడతారో ఒక కాయితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. "ఊరివాళ్ళేగా" అనుకోవడమే తర్వాత తగువులకి మొదలు.

పాడేవాళ్ళ విషయంలో శ్రుతి వాళ్ళది, సర్దుకోవాల్సింది మీరు. నాట్లు వేస్తూ పాడే ఆవిడ హార్మోనియం ముందు పెట్టుకుని పాడదు. ముందు పాడించుకుని, ఆధార షడ్జం ఎక్కడుందో పట్టుకుని, ట్రాకు మొత్తాన్ని దానికి ట్యూన్ చేయండి. శిక్షణ పొందిన గాయనులైతే ఎక్కువగా ఐదు శ్రుతి దగ్గర, అంటే జీ దగ్గర పాడతారు. మన అదృష్టం, కింది జీ 49 హెర్ట్జ్, పెద్ద బాక్సుల్లో గుండె మీద తగులుతుంది. మగవాళ్ళు ఒకటి శ్రుతిలో, సీలో పాడితే ఆ కింది సీ 32 హెర్ట్జ్ చిల్లర. మన సప్లై కంపెనీల బేస్ బాక్సుల్లో అది మోగదు, కోన్ ఊరికే ఊగుతుంది. అప్పుడు ఒక స్థాయి పైన, 65 దగ్గర వాయించండి.

రాగం మీద కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, పేర్చేటప్పుడు రాగంలో లేని స్వరం కార్డులో దూరకుండా చూసుకోండి. మోహనం తేలిక: సీ శ్రుతిలో సీ మేజర్, ఏ మైనర్ రెండూ పూర్తిగా రాగంలోనే ఉంటాయి. హిందోళంలో పంచమం లేదు. అలవాటు కొద్దీ తంబూరాలా ఆగకుండా మోగే సా-పా డ్రోన్ పెడితే రాగం అక్కడే చచ్చిపోతుంది. సా-మా పెట్టండి, కార్డులకి ఎఫ్ మైనర్, ఏ-ఫ్లాట్ మేజర్ తీసుకోండి. ఎక్కువ గమకాలున్న రాగమైతే కార్డులు మానేసి డ్రోన్ ఒక్కటే ఉంచండి. హౌస్‌కి ఒకే కార్డు మీద ఆరు నిమిషాలు నిలబడే ఓపిక ఉంది.

చుట్టూ ఉన్న చప్పుళ్ళు కూడా పోగేయండి. రాత్రిపూట రొయ్యల చెరువుల ఏరేటర్లని రికార్డు చేసి కింది స్వరాలన్నీ కోసేస్తే అచ్చం షేకర్. లాకుల దగ్గర నీళ్ళ హోరు మంచి పరదా. నేను ఎక్కువ వాడుకున్నది మాత్రం ఒక రేవులో ఏరు దాటించే పంటు ఇంజను. ఆ డీజిల్ చప్పుడులో నాలుగో దెబ్బ ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా, కుంటుతూ పడేది. ఆ కుంటిని అలాగే లూపు చేసి దాని చుట్టూ ట్రాకు కట్టాను. ఎక్కువమందికి నచ్చిన నా ట్రాకు అదే.

డీజేయింగ్: ఊరేగింపే బడి

మిక్స్ (Mixxx) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టి, కుదిరినప్పుడు రెండు డెక్కుల చిన్న కంట్రోలర్ కొనండి. రెండు పాటల వేగాన్ని తనే కలిపే సింక్ బటన్ నొక్కడం తప్పేమీ కాదు గానీ, ముందు మూడు నెలలు దాన్ని టేపుతో మూసేసి చెవితోనే రెండు పాటల్ని కలపండి. తర్వాత రెండు సూత్రాలు. ఒకేసారి ఒక్క పాట బేసే మోగాలి, కొత్త పాట బేస్ తెచ్చేటప్పుడు పాతదాని బేస్ నాబ్ కిందికి పోవాలి. మార్పు పదహారు బార్ల హద్దు మీదే జరగాలి. శ్రుతులు కలపడానికి కామెలాట్ చక్రం ఉంది. అందులో 8ఏ అంటే ఏ మైనర్, దాని పక్కనున్న 7ఏ, 9ఏ, 8బీ కలుస్తాయి. శ్రుతి తెలిసినవాళ్ళకి ఆ చక్రం అక్కర్లేదు.

ఇక పెళ్ళి. మలికిపురం వైపు ఒక ఊరేగింపులో ధైర్యం చేసి మాటల్లేని హౌస్ ట్రాకు వేశాను. రెండు నిమిషాలు గడిచాయి. పెళ్ళికొడుకు మేనమామ బండి దగ్గరికొచ్చి ఎంతో మర్యాదగా "బాబూ, మైకేదైనా పాడైందా? వాయిద్యం వస్తుంది గానీ పాట రావట్లేదు, ఆయ్" అన్నారు. ఆయన వెటకారం చేయలేదు. ఆయన లెక్కలో పాటంటే గొంతు. ఆ రోజు నుంచి నా ప్రతి ట్రాకులో ఒక్క గొంతయినా ఉంటుంది. హైలెస్సా అన్న కేక కావచ్చు, చేపలమ్మే ఆవిడ పిలుపు కావచ్చు, నాలుగు మాటలు చాలు. జనం వాటిని పట్టుకుని వేలాడతారు, కింద బీటు తన పని తాను చేసుకుంటుంది.

హౌస్‌ని ఊరేగింపులోకి దొంగతనంగా తేవాలి. రెండు సినిమా పాటల మధ్య నలభై సెకన్లు, మరో ఊళ్ళో నిమిషం. బండి కదులుతున్నప్పుడు కాదు, వీధి మలుపులో ఆగినప్పుడు. పదిమంది చేతులు పైకెత్తితే పొడిగించండి, ఒక పెద్దాయన వాచీ చూసుకుంటే తెలిసిన పాటలోకి దిగిపోండి. ఎవరు అలిసిపోయారో, ఎవరు తాగి ఉన్నారో, గొడవ ఏ మూల మొదలవుతుందో ముందే పసిగట్టడం క్లబ్బులో నేర్చుకోలేం. పెళ్ళివారు పాటల జాబితా ఇస్తే ముందురోజే తీసుకోండి. అడ్వాన్సు లేకుండా తారీఖు ఖాయం చేయకండి, మూఢం ముందు వారాల్లో ఒకే ముహూర్తానికి నాలుగు పెళ్ళిళ్ళు వస్తాయి.

చెవులు జాగ్రత్త. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. డీజే బండి పక్కన అంతకన్నా ఎక్కువే ఉంటుంది. నా ఎడమ చెవిలో రాత్రిళ్ళు కీచురాయి కూస్తుంది, అది తోటలోది కాదు. సంగీతకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్గులు మొదటి అడ్వాన్సుతోనే కొనండి.

పర్మిషన్లు, హక్కులు

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు కుదరదు. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించొచ్చు, అదీ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. పోలీసు పర్మిషన్ కాయితం పెళ్ళివారి పేరు మీద ఉందో లేదో బండి ఎక్కకముందే కళ్ళారా చూడండి. "మాట్లాడేశాం" అన్న మాట నమ్మి ఒకసారి నేను తెల్లవార్లూ స్టేషన్ అరుగు మీద కూర్చున్నాను, నా యాంప్లిఫైర్లు లోపల కూర్చున్నాయి.

పాటల హక్కులు వేరే సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం మతపరమైన వేడుకలకీ, పెళ్ళి ఊరేగింపుతో సహా పెళ్ళికి సంబంధించిన సంబరాలకీ పాటలు వేయడంలో మినహాయింపు ఉంది. రిసార్టులో టికెట్టు పెట్టిన డిసెంబరు 31 రాత్రికి అది వర్తించదు. అక్కడ లైసెన్సు ఎవరు తీసుకుంటారో ఒప్పందంలో రాయించుకోండి. సినిమా పాట రీమిక్స్ చేసి మీ పేరు మీద విడుదల చేయాలంటే హక్కుదార్ల అనుమతి తప్పనిసరి. మీ సొంత ట్రాకులకి మాత్రం మీరే యజమాని. స్వరకర్తలకీ రచయితలకీ రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్‌లో స్వరకర్తగా సభ్యత్వం తీసుకోండి. 2012 సవరణ తర్వాత స్వరకర్త రాయల్టీ వాటాని ఎవరూ గంపగుత్తగా రాయించుకోలేరు. ఒప్పందంలో అలాంటి వాక్యం కనిపిస్తే సంతకం పెట్టకండి.

డబ్బు రెండు ఖాతాలుగా పెట్టుకోవాలని నా సలహా. పెళ్ళిళ్ళ డబ్బు ఇంటికి, హౌస్ డబ్బు హౌస్‌కే. మొదటి రెండుమూడేళ్ళు రెండో ఖాతా ఖాళీగానే ఉంటుంది. అది చూసి ఇంట్లోవాళ్ళు ఏదైనా అంటే మొదటి ఖాతా చూపించండి. ఆషాఢం, శూన్యమాసాల్లో పెళ్ళిళ్ళుండవు కాబట్టి ట్రాకులు పూర్తి చేసేది అప్పుడే.

విడుదల, డెల్టా దాటడం

విడుదలకి 24 బిట్ వేవ్ ఫైలు తయారు చేయండి, గరిష్ఠ స్థాయి సున్నాకి ఒక డెసిబెల్ కింద ఉంచి. స్పాటిఫై లాంటివి ప్రతి పాట గట్టితనాన్నీ సుమారు మైనస్ 14 లఫ్స్‌కి సర్దుతాయి, లఫ్స్ అంటే ఆ గట్టితనపు కొలత. మీరు ఎంత నలగ్గొట్టి పంపినా అక్కడ గట్టిగా మోగదు, ప్రాణం పోవడమే మిగులుతుంది. ట్రాకుల్ని స్పాటిఫై లాంటి చోట్లకి చేరవేసే డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెళితే ప్రతి ట్రాకుకీ పన్నెండు అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ వస్తుంది, దాన్ని దాచుకోండి. రికార్డింగు రాయల్టీ లెక్కలు ఆ కోడ్ మీదే నడుస్తాయి. విదేశీ లేబుళ్ళకి పంపేటప్పుడు మూడే ట్రాకులు, ప్రైవేటు లింకు, నాలుగు వాక్యాలు. ఆ లేబుల్ వేసే సంగీతం మీరు నిజంగా విని ఉండాలి. ఏడాది పాటు ఒక్క జవాబూ రాకపోవచ్చు.

మన దగ్గర క్లబ్బులు లేవు. దిండి రిసార్టులు, కాకినాడ, రాజమండ్రి, భీమవరం హోటళ్ళ కొత్త సంవత్సరం పార్టీలు, పెద్దపండగకి ఊరొచ్చే హైదరాబాదు కుర్రాళ్ళ తోట విందులు, ఇవే మన వేదికలు. ఆ తోట విందులే నన్ను బయటికి తీసుకెళ్ళాయి. అక్కడ నా పాట విన్న ఒకతను హైదరాబాదులో మంగళవారం రాత్రి, ఖాళీ క్లబ్బులో, ఎనిమిదింటికి మొదలయ్యే స్లాటు ఇప్పించాడు. మొదటి స్లాటంటే ఇద్దరు వెయిటర్లు, ఒక జంట. అక్కడ పెద్ద పాటలు వేయకూడదు. 118, 120 దగ్గర మెల్లగా వాయిస్తూ, తర్వాత వచ్చే డీజేకి గది వేడెక్కించి అప్పగించాలి. అలా అప్పగించడం తెలిసినవాణ్ణే మళ్ళీ పిలుస్తారు.

పెన్‌డ్రైవులు రెండు తీసుకెళ్ళండి, రెంటిలోనూ అవే పాటలు, ఎఫ్ఏటీ32 ఫార్మాటులో. క్లబ్బుల్లో ఉండే పాత సీడీజే ప్లేయర్లు ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్లని చదవవు. రాజమండ్రిలో రాత్రి రైలెక్కితే పొద్దున్నకి హైదరాబాదు, మర్నాడు రాత్రికి తిరుగు ప్రయాణం. మంగళవారాల డబ్బు రైలు ఖర్చులకే సరిపోయేది. ఆరు నెలల తర్వాత శుక్రవారం ఇచ్చారు.

ఆ శుక్రవారం పంటు ట్రాకు వేస్తే జనం ఊగిపోయారు. వీడియో తీసుకొచ్చి రేవులో పంటు నడిపే ఆయనకి చూపించాను, మీ ఇంజనే బాబాయ్ అని. చెవి దగ్గర ఫోను పెట్టుకుని మొత్తం విన్నాడు. "నాలుగో నాజిల్ పోయినప్పటిదిరా ఇది. మర్నాడే మార్పించేశాం. ఇప్పుడు రా, మళ్ళీ రికార్డు చేసుకో, శుభ్రంగా మోగుతుంది" అన్నాడు.